హీమోఫీలియాకు జీన్ థెరపీ: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు పదేపదే అడిగే ప్రశ్నలు

హీమోఫీలియా అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ చాలకపోవడం. జీన్ థెరపీ గురించి ఫోన్‌లో ఒక వీడియో వచ్చిందంటే చాలు, ఈ జబ్బున్న మన కుటుంబాల్లో అలజడి మొదలవుతుంది. "ఒక్క సూదితో తగ్గిపోతుందంట" అని ఒకరు, "జన్యువులు మార్చేస్తారంట, మనకొద్దు" అని ఇంకొకరు. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఎవరు ఫోన్ చేసినా సందేహాలు ఇంచుమించు ఇవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాను. తీవ్ర హీమోఫీలియా ఎ తో పెరిగి, ఇప్పుడు ఇదే జబ్బున్న కుటుంబాలకు తోడుగా ఆసుపత్రులకు వెళ్తుంటాను. ఈ చికిత్స మీద ఆశ పెట్టుకున్నా, వద్దనుకున్నా, విషయం తెలిసి ఆ పని చేయాలన్నది నా పట్టుదల. ప్రతి ప్రశ్నకూ జవాబు దాని కిందే పూర్తిగా ఉంది, మీకు కావలసింది చదువుకోండి.

## అసలు ఇదేమిటి

ఒక్క సూదితో హీమోఫీలియా పూర్తిగా పోతుందంట, నిజమేనా?

"పోతుంది" అని డాక్టర్లెవరూ మాట ఇవ్వరు. జరిగేది ఏమిటంటే, బయట నుంచి ఎక్కించుకునే ఫ్యాక్టర్‌ను శరీరమే కొంత తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది. ఆ కొంత ఎంత అన్నది మనిషి మనిషికీ మారుతుంది. ఒకరికి 1 శాతం లోపు ఉన్న ఫ్యాక్టర్ 30, 40 శాతానికి చేరవచ్చు, ఇంకొకరికి 5 శాతం దగ్గరే ఆగిపోవచ్చు. కొద్దిమందికి అసలు పెరగదు. హెమ్‌జెనిక్స్ అనే మందు ట్రయల్‌లో హీమోఫీలియా బి ఉన్న 54 మందిలో 52 మంది క్రమం తప్పకుండా ఎక్కించుకునే ఫ్యాక్టర్‌ను ఆపగలిగారు. చాలా గొప్ప ఫలితమే. కానీ ఆ 52 మందిలో కూడా ఆపరేషన్‌కో, పెద్ద దెబ్బకో ఫ్యాక్టర్ అవసరం పడవచ్చు. ఇంకో మాట, ఇది భుజానికి వేసే సూది కాదు. సెలైన్ లాగా నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు.

లోపల ఏం జరుగుతుంది? మా జన్యువులన్నీ మార్చేస్తారా?

మార్చరు. మీ పాత జన్యువు లోపంతో అలాగే ఉంటుంది. దానికి తోడుగా పనిచేసే జన్యువు ఒకటి లోపలికి పంపుతారు. పంపడానికి ఏఏవీ అనే చిన్న వైరస్‌ను వాడతారు. మనుషులకు ఇది సహజంగా సోకినా జబ్బేమీ చేయదు. పలాసలో జీడిపిక్క కొట్టి పప్పు తీసినట్టు దాని లోపలి సరుకంతా తీసేసి, ఆ గుల్లలో ఫ్యాక్టర్ తయారుచేసే జన్యువు పెడతారు. అది రక్తంలో కాలేయానికి చేరుతుంది. కాలేయ కణాలు ఆ జన్యువును చదివి ఫ్యాక్టర్ తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. లోపలికి వెళ్లిన జన్యువు ఎక్కువ భాగం మన క్రోమోజోముల్లో కలవకుండా కణంలో విడిగానే ఉండిపోతుంది. కొద్ది భాగం కలిసే వీలుంది. డాక్టర్లు ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలనడానికి అదీ ఒక కారణం.

"ఎయిడ్స్ వైరస్‌తో చేస్తారంట" అని మా బావ భయపెడుతున్నాడు.

ఆయన విన్నదాంట్లో ఒక ముక్క నిజం ఉంది, దాని మీద భయం ఎక్కువగా పేరుకుంది. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో ట్రయల్‌గా చేసిన చికిత్సలో జన్యువును మోసుకెళ్లడానికి లెంటివైరస్ అనే రకం వాహకాన్ని వాడారు. ఇలాంటి వాహకాలను హెచ్‌ఐవీ కుటుంబపు వైరస్ నుంచే తయారుచేస్తారు. కానీ జబ్బు చేసే భాగాలు, తనంత తాను పెరిగే శక్తి తీసేశాకే వాడతారు. దాని వల్ల ఎయిడ్స్ రాదు. అసలు ఆ వైరస్‌ను నేరుగా మనిషికి ఎక్కించరు. మన కణాలను బయటకు తీసి, ల్యాబ్‌లో వాటిలో జన్యువు చేర్చి, ఆ కణాలనే తిరిగి ఎక్కిస్తారు.

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1980ల్లో ఎన్నో దేశాల్లో కలుషితమైన ఫ్యాక్టర్ ఎక్కించుకుని వేలమంది హీమోఫీలియా రోగులు హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి బారిన పడ్డారు. మంచి మందు అని నమ్మి ఎక్కించుకున్నవాళ్లే వాళ్లంతా. మన పెద్దవాళ్లకు కొత్త మందు అనగానే అనుమానం వస్తే, దాని వెనుక ఆ చరిత్ర ఉంది. మీ బావని కసరకండి. డాక్టర్ దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లి అదే ప్రశ్న అడిగించండి.

హీమోఫీలియా ఎ కి, బి కి ఒకే మందా?

కాదు. ఎ లో లోపించేది ఫ్యాక్టర్ 8, బి లో ఫ్యాక్టర్ 9. ఎ కి వచ్చిన మందు రాక్టావియన్, దీనికి యూరప్‌లో 2022లో, అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. బి కి వచ్చింది హెమ్‌జెనిక్స్, అమెరికాలో 2022 నవంబరులో అనుమతి పొందింది. ఫలితాల్లోనూ తేడా ఉంది. ఫ్యాక్టర్ 8 జన్యువు చాలా పెద్దది, ఆ చిన్న వైరస్‌లో పట్టదు. అందుకని పెద్దగా అవసరం లేని ఒక భాగాన్ని కత్తిరించి పంపుతారు. ఫ్యాక్టర్ 9 జన్యువు చిన్నది. పైగా ఇటలీలోని పాదువాలో ఒక మనిషిలో కనబడిన రకం ఉంది, అది మామూలు ఫ్యాక్టర్ 9 కంటే సుమారు ఎనిమిది రెట్లు చురుకుగా పనిచేస్తుంది. హెమ్‌జెనిక్స్‌లో పెట్టేది ఆ రకాన్నే. కాబట్టి ఏ వార్త చదివినా అది ఎ గురించా, బి గురించా అన్నది ముందు చూసుకోండి. మీ రిపోర్టులో ఏముందో తెలియకపోతే ముందు అది తెలుసుకోండి.

## మాకు సరిపోతుందా

మా గుంటడికి ఎనిమిదేళ్లు. ఇప్పుడే చేయించేస్తే అందరిలాగా ఆడుకుంటాడు కదా?

తల్లులు ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు చెప్పడానికి నాకు కష్టంగా ఉండేదీ ఇదే. అనుమతి పొందిన ఏఏవీ మందులు 18 ఏళ్లు నిండినవాళ్లకే. పిల్లల కాలేయం ఇంకా పెరుగుతూ ఉంటుంది. పంపిన జన్యువు కణం లోపల విడిగా ఉండటం వల్ల కణాలు విభజన చెందే కొద్దీ అది పలచబడిపోతుంది. తొందరపడి ఇప్పుడు ఇస్తే, వాడు పెద్దయ్యేసరికి ప్రభావం పోయి, మళ్లీ ఎక్కించే వీలు కూడా లేకుండా పోవచ్చు.

ఈ పదేళ్లలో మీరు చేయగలిగింది చాలా ఉంది. కీళ్లలో రక్తం దిగకుండా చూసుకోవడం అన్నింటికంటే ముఖ్యం. దెబ్బ తగిలాక పరిగెత్తడం కాకుండా, ముందుగానే క్రమంగా ఇచ్చే చికిత్స వాడికి దొరుకుతుందేమో అడగండి. రాజాం దగ్గర ఒక తల్లి కొడుకు కోసం రూళ్ల నోటుపుస్తకం పెట్టింది. తేదీ, ఏ కీలు, ఎన్ని గంటలకు వాపు కనబడింది, ఎన్ని యూనిట్లు ఎక్కించారు, ఏ బ్యాచ్, ఎన్ని రోజులు బడి మానాడు, అన్నీ గళ్లు గీసి రాస్తుంది. ఫ్యాక్టర్ సీసా మీది స్టిక్కర్ ఊడదీసి ఆ వరుస పక్కనే అంటిస్తుంది. ఎడమ చీలమండ పేరు పేజీకి నాలుగైదుసార్లు కనిపించేసరికి డాక్టర్ వెంటనే దాని మీద దృష్టి పెట్టారు. రేపు ఏ కొత్త చికిత్సకు వెళ్లినా అడిగేది ఇలాంటి లెక్కే.

ఇన్‌హిబిటర్ వచ్చినవాళ్లకి ఇస్తారా?

ఇన్‌హిబిటర్ అంటే ఎక్కించిన ఫ్యాక్టర్‌ను పనిచేయనీకుండా శరీరం తయారుచేసే యాంటీబాడీ. ఇప్పుడున్న మందులను అది ఉన్నవాళ్లకు ఇవ్వరు. హీమోఫీలియా ఎ లో ఇన్‌హిబిటర్ ఉన్నవాళ్లకు చర్మం కింద వేసే ఎమిసిజుమాబ్ అనే ఇంజెక్షన్ బాగా పనికొస్తుంది, దాని గురించి అడగండి.

చిన్నప్పుడు ప్లాస్మా, క్రయో చాలాసార్లు ఎక్కించుకున్నాను. అడ్డమా?

ప్లాస్మా, క్రయో దాతల రక్తం నుంచి తీసేవి. ఎక్కించుకోవడం అడ్డం కాదు. దాని వల్ల కాలేయానికి ఏమైనా సోకిందా అన్నదే ప్రశ్న. జన్యువు పనిచేయాల్సింది కాలేయంలో కాబట్టి హెపటైటిస్ బి, సి పరీక్షలు, కాలేయం గట్టిపడిందేమో చూసే స్కాన్ తప్పనిసరి. హెపటైటిస్ సి ఉందని తేలితే భయపడకండి, ఇప్పుడు కొన్ని వారాల మాత్రలతో చాలామందికి నయమవుతోంది. హెపటైటిస్ బి కి టీకా ఉంది. జీన్ థెరపీ చేయించుకున్నా, చేయించుకోకపోయినా ఈ రెండు పనులూ చేయండి.

"యాంటీబాడీలు ఉన్నాయి, కుదరదు" అన్నారంట ఒకరికి. అవేమిటి?

ఏఏవీ వైరస్ మనకు తెలియకుండానే వచ్చి పోతుంది. ఒకసారి వస్తే శరీరం దాన్ని గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. తర్వాత అదే వైరస్ గుల్లలో మందు పంపితే కాలేయం చేరకముందే అడ్డుకుంటాయి. రాక్టావియన్‌కు ముందు ఈ పరీక్ష చేసి, ఉంటే ఇవ్వరు. హెమ్‌జెనిక్స్ ట్రయల్‌లో యాంటీబాడీలు ఉన్నవాళ్లకూ ఇచ్చారు, చాలామందికి పనిచేసింది. మరీ ఎక్కువగా ఉన్న ఒకరికి మాత్రం పనిచేయలేదు. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరి శుభ్రతకూ సంబంధం లేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఈ పరీక్ష గురించి విని ఒక కుర్రాడు తానేదో పొరపాటు చేశానని బాధపడ్డాడు.

నా మోకాలు ఇప్పటికే బిగుసుకుపోయింది. సరవుతుందా?

కాదు. కొత్తగా రక్తం దిగడం తగ్గుతుంది, అరిగిపోయిన కీలు మాత్రం తిరిగి రాదు. దానికి ఫిజియోథెరపీ, అవసరమైతే కీలు మార్పిడి ఆపరేషన్ వేరే దారులు. నా కుడి మోకాలు కూడా పూర్తిగా చాపలేను. అందుకే పిల్లల కీళ్ల గురించి ఇంత గట్టిగా చెప్తాను.

ఎమిసిజుమాబ్‌తో బాగానే ఉన్నాం. మరి జీన్ థెరపీ ఎందుకు?

మంచి ప్రశ్న. పెద్ద దేశాల్లో కూడా రోగులు ఇదే అడుగుతున్నారు. ఎమిసిజుమాబ్ వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి చర్మం కింద వేసే ఇంజెక్షన్, హీమోఫీలియా ఎ కి మాత్రమే. నరం దొరక్క ఏడ్చే పిల్లలకు ఇది పెద్ద ఊరట. ఫైజర్ కంపెనీ హీమోఫీలియా బి కోసం తెచ్చిన బెక్వెజ్ అనే జీన్ థెరపీకి 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోగులు, డాక్టర్లు పెద్దగా ఆసక్తి చూపలేదని చెప్పి 2025లో దాన్ని మానుకుంది. రాక్టావియన్‌ను కూడా దాని కంపెనీ 2024లో మూడు దేశాలకే పరిమితం చేసింది. అంటే అవకాశం ఉన్నచోట కూడా చాలామంది ఆగి చూద్దాం అనుకున్నారు. మీరు అలా అనుకుంటే అది పిరికితనం కాదు. నెలనెలా మందు అందుతుందా, అందదా అన్న టెన్షన్ మోయలేక ఒక్కసారి చేయించుకుందాం అనుకునేవాళ్లదీ న్యాయమైన ఆలోచనే. మందు సరఫరా ఆగినప్పుడల్లా పలాస నుంచి విశాఖ దాకా బిడ్డని మోసుకుని రైలెక్కే తండ్రికి ఆ ఆశ ఎందుకు కలుగుతుందో నాకు తెలుసు.

## ఎక్కడ, ఎంత

ఎంత అవుతుంది?

అమెరికాలో హెమ్‌జెనిక్స్ ధర 35 లక్షల డాలర్లు, రాక్టావియన్ 29 లక్షల డాలర్లు ప్రకటించారు. మన లెక్కలో 25 నుంచి 30 కోట్ల రూపాయల మాట. పొలం అమ్మితే, చందాలు పోగేస్తే వచ్చే మొత్తం కాదు. దయచేసి ఆ ఆలోచనతో ఇల్లు తాకట్టు పెట్టకండి. మన దేశంలో సామాన్యుడికి ఇది అందాలంటే ఇక్కడే తయారవ్వాలి, ప్రభుత్వం ఇవ్వాలి.

వెల్లూరులో చేశారని పేపర్లో చదివాం. వెళ్తే చేస్తారా?

వెల్లూరు సీఎంసీలో తీవ్ర హీమోఫీలియా ఎ ఉన్న ఐదుగురికి ట్రయల్‌గా చేశారు. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థ, అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ ఇందులో పాలుపంచుకున్నాయి. ఫలితాలు 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఐదుగురికీ గమనించిన కాలంలో రక్తస్రావాలు లేవు. మన దగ్గర, మనలాంటివాళ్లకు జరిగిన పని ఇది. చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

అయితే ఇది ఏఏవీ పద్ధతి కాదు. రోగి రక్తంలోంచి మూలకణాలను తీసి, వాటిలో ఫ్యాక్టర్ 8 జన్యువు చేర్చి, ఎముక మజ్జలో ఆ కణాలకు చోటు చేయడానికి కీమో ఇచ్చి, తర్వాత తిరిగి ఎక్కిస్తారు. కీమో వల్ల కొన్నాళ్లు తెల్లకణాలు పడిపోతాయి, ఇన్‌ఫెక్షన్ రాకుండా ఆసుపత్రిలో విడి గదిలో ఉండాలి, జుట్టు ఊడవచ్చు, సంతానం కలిగే శక్తి తగ్గే ప్రమాదమూ ఉంటుంది. పెళ్లికాని కుర్రాళ్లు ఈ చివరి మాట సిగ్గుపడకుండా అడగాలి, వీర్యం ముందే భద్రపరిచే మార్గం ఉంది. పాత ఏఏవీ యాంటీబాడీలు ఈ పద్ధతికి అడ్డం రావు, అది దీనికున్న మేలు.

ఐదుగురికి చేసింది ఇంకా పరిశోధన దశే, ఓపీ చీటీ రాయించుకుంటే దొరికే చికిత్స కాదు. వెల్లూరుకు రైలు దిగే కాట్పాడికి టికెట్ తీసే ముందు మీ డాక్టర్‌తో ఉత్తరం రాయించి, ట్రయల్‌లో కొత్తవాళ్లను తీసుకుంటున్నారేమో కనుక్కోండి.

ఒకాయన ఐదు లక్షలిస్తే "స్టెమ్ సెల్ ఇంజెక్షన్" వేయిస్తానంటున్నాడు.

ఇవ్వకండి. చట్టబద్ధమైన ట్రయల్‌లో చేరడానికి రోగి డబ్బు కట్టనక్కర్లేదు. మన దేశంలో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. రిజిస్ట్రీ నంబరు అడగండి. మాట మారిస్తే అక్కడితో ఆపేయండి.

## ఒప్పుకునే ముందు

మమ్మల్ని ప్రయోగానికి వాడుకుంటారా?

ట్రయల్ అంటే ప్రయోగమే, ఆ మాట దాచాల్సిన పనిలేదు. కానీ మీకు హక్కులున్నాయి. 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మీకు అర్థమయ్యే భాషలో సమాచార పత్రం ఇవ్వాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, పరిహారం ఇవ్వాలి. చదువురానివాళ్లకు నిష్పక్షపాతమైన సాక్షి ముందు చదివి వినిపించాలి. సంతకం వెంటనే పెట్టనక్కర్లేదు, కాగితం ఇంటికి తెచ్చుకుని నలుగురితో మాట్లాడొచ్చు. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆపకూడదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఎక్కించాక జన్యువును వెనక్కి తీయలేరు. తప్పుకోవడం అంటే పరీక్షల నుంచి తప్పుకోవడమే.

పనిచేయకపోతే మళ్లీ చేయించుకోవచ్చా?

ఏఏవీ పద్ధతిలో ఇప్పటికైతే కుదరదు. మనవాళ్లు ఈ మాట దగ్గర తప్పకుండా ఆగాలి. నేను మాట్లాడిన చాలామందికి ఇది తెలియదు. ఒకసారి ఎక్కించాక శరీరం ఆ వైరస్ గుల్ల మీద గట్టి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది, అవి ఏళ్ల తరబడి ఉంటాయి. రెండోసారి పంపితే దారిలోనే ఆగిపోతుంది. ఆ రకానికి దగ్గరి రకాలను కూడా అడ్డుకోవచ్చు. అంటే ఈ రోజు ఉన్న మందు ఎక్కించుకుంటే, ఐదేళ్ల తర్వాత ఇంతకంటే మంచిది వస్తే దానికి అర్హత పోవచ్చు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి, యాభై ఏళ్ల మనిషికి ఈ లెక్క ఒకటి కాదు. ఫలితం రాకపోతే ఫ్యాక్టర్‌కు, ఎమిసిజుమాబ్‌కు తిరిగి వెళ్లొచ్చు, ఆ తలుపులు తెరిచే ఉంటాయి.

ఎన్నేళ్లు పనిచేస్తుంది?

హీమోఫీలియా బి లో నమ్మకం ఎక్కువ. 2010 ప్రాంతంలో చికిత్స పొందిన పది మందిని సుమారు 13 ఏళ్లు గమనించి 2025లో ఫలితాలు ప్రచురించారు, ఫ్యాక్టర్ 9 నిలకడగా ఉంది. హీమోఫీలియా ఎ లో రాక్టావియన్‌తో అలా లేదు. మొదటి ఏడాది చివర ఉన్న సగటు స్థాయి రెండో ఏడాది చివరికి దాదాపు సగానికి పడింది, తర్వాత కూడా తగ్గుతూ వచ్చింది. అయినా చాలామందికి రక్తస్రావాలు తక్కువగానే ఉన్నాయి. కొందరు మళ్లీ ఫ్యాక్టర్ మొదలుపెట్టారు.

క్యాన్సర్ వస్తుందా?

ఈ మాట అడగడానికి జంకుతారు, అడగాల్సిందే. 2020 డిసెంబరులో హెమ్‌జెనిక్స్ ట్రయల్‌లో ఒకరికి కాలేయ క్యాన్సర్ కనబడితే ట్రయల్ ఆపేశారు. గడ్డలోని కణాలను పరీక్షించి, మందు కారణమయ్యే అవకాశం చాలా తక్కువని తేల్చి 2021 ఏప్రిల్‌లో తిరిగి అనుమతించారు. అందుకే చికిత్స తర్వాత కాలేయ స్కాన్‌లు ఏళ్ల తరబడి చేయించుకోమంటారు. వెల్లూరు పద్ధతిలో జన్యువు క్రోమోజోములో కలుస్తుంది, కాబట్టి అక్కడా దీర్ఘకాలం గమనించడం తప్పదు.

మా అమ్మ వద్దని ఏడుస్తోంది. ఏం చెప్పాలి?

మన ఇళ్లలో నిర్ణయం ఒక్కరిది కాదు. హీమోఫీలియా తల్లి వైపు నుంచి వస్తుందని తెలిసినప్పటి నుంచి ఎంతోమంది తల్లులు ఆ భారం నోరెత్తకుండా మోస్తున్నారు. "నా వల్లే వచ్చింది, ఇప్పుడు ఇంకా ఏమైనా అయితే" అన్నదే ఆ ఏడుపు. ముందు ఆమెకు చెప్పాల్సింది, జన్యువు ఎవరూ ఎంచుకుని ఇచ్చేది కాదని. కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా వచ్చే కేసులు కూడా చాలా ఉంటాయి. నరసన్నపేట దగ్గర ఒక ముసలమ్మ నన్ను, "ఆ మందు ఎక్కిస్తే మా మనవడి రగతం మా రగతం కాకుండా పోద్దేటి బాబూ?" అని అడిగింది. "పోదమ్మా, రగతం ఆడిదే, గడ్డకట్టడం ఒక్కటీ నేర్సుకుంటాది" అన్నాను. ఆమె తల ఊపి, "అలగైతే డాట్రుని నేనూ ఒకసారి సూడాల" అంది. చూపించాం కూడా.

## చేయించుకున్నాక

వెంటనే హైదరాబాద్ పనికి వెళ్లిపోవచ్చా?

కుదరదనే అనుకోండి. కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయేమో వారం వారం రక్తపరీక్ష చేయాలి, హెమ్‌జెనిక్స్‌కైతే కనీసం మూడు నెలలు, రాక్టావియన్‌కైతే ఆరు నెలలు. ఎంజైములు పెరిగితే స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడాల్సి రావచ్చు. వాటితో ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు వస్తాయి. ఒక్క వారం ఆలస్యమైనా వచ్చిన ఫ్యాక్టర్ తగ్గిపోయే ప్రమాదం ఉంది. వలస పని మీద బతికే ఇంటికి ఆరు నెలల కూలి పోవడం చిన్న విషయం కాదు. ఆ ఖర్చు ఎవరు భరిస్తారో సంతకానికి ముందే మాట్లాడుకోండి.

పథ్యం ఏమైనా ఉందా?

తిండికి పథ్యం లేదు. మద్యం తాగకూడదు, తాటికల్లు, జీలుగు కల్లు కూడా మద్యం కిందే లెక్క. రాక్టావియన్‌కైతే కనీసం ఏడాది పాటు మానమంటారు. ఆకు పసర్లు, కామెర్ల మందు, పేరు తెలియని చూర్ణాలు అసలు వద్దు. కాలేయాన్ని దెబ్బతీసేవి వాటిలో ఉంటాయి, ఎంజైములు పెరిగితే కారణం ఏదో డాక్టర్‌కు అంతుపట్టదు.

రెండు ల్యాబుల్లో రెండు రకాలుగా వచ్చింది. ఏది నిజం?

రెండూ నిజమే కావచ్చు. ఫ్యాక్టర్‌ను కొలిచే పద్ధతులు రెండున్నాయి, వన్ స్టేజ్, క్రోమోజెనిక్. జీన్ థెరపీ తర్వాత రాక్టావియన్ వాడినవాళ్లలో వన్ స్టేజ్‌లో ఎక్కువ కనిపిస్తుంది. ప్రతిసారీ ఒకే పద్ధతిలో, వీలైతే ఒకే ల్యాబులో చేయించి పోల్చుకోండి.

ఇక నా పిల్లలకు రాదు కదా?

ఈ చికిత్స కాలేయానికో, రక్త మూలకణాలకో పరిమితం. వీర్యకణాల్లోని జన్యువు మారదు. మీ కొడుకులకు మీ నుంచి హీమోఫీలియా రాదు, చికిత్స చేయించుకోకపోయినా రాదు. కూతుళ్లందరూ క్యారియర్లే (లోపమున్న జన్యువును మోసేవాళ్లే) అవుతారు, చికిత్స చేయించుకున్నా అవుతారు. ఏఏవీ మందు తర్వాత కొన్నాళ్లు వీర్యంలో దాని ఆనవాళ్లు కనిపిస్తాయి కాబట్టి డాక్టర్ చెప్పినన్ని నెలలు గర్భం రాకుండా జాగ్రత్త పడాలి, వీర్యం దానం చేయకూడదు.

మేనకోడలితో సంబంధం అనుకుంటున్నాం. ఫ్యాక్టర్ పెరిగింది కదా, ఫర్వాలేదా?

ఫ్యాక్టర్ పెరగడానికి, దీనికి సంబంధం లేదు. మీ అక్క క్యారియర్ అయితే ఆమె కూతురూ క్యారియర్ అయ్యే అవకాశం సగానికి సగం. ఆమె క్యారియరై మిమ్మల్ని చేసుకుంటే పుట్టే ప్రతి కొడుక్కీ హీమోఫీలియా వచ్చే అవకాశం సగం. ప్రతి కూతురికీ కూడా సగం, ఇది బయటి సంబంధాల్లో చాలా అరుదు. మాట ఇచ్చుకునే ముందు అమ్మాయికి క్యారియర్ పరీక్ష చేయించండి. ఫలితాన్ని ఆమెకే ముందు చెప్పాలి, ఊళ్లో కాదు.

పన్ను పీకించుకోవాలన్నా, యాక్సిడెంట్ అయినా ఇక మామూలు మనుషుల్లాగే వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా హీమోఫీలియా ఉందని, జీన్ థెరపీ అయిందని, చివరిసారి ఫ్యాక్టర్ ఎంత ఉందో చెప్పాలి. జీన్ థెరపీ పేరు, తేదీ, మీ హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టర్) ఫోన్ నంబరు రాసిన కార్డు పర్సులో ఒకటి, బండి కాగితాలతో ఒకటి ఉంచండి. పన్ను పీకించుకునే ముందు ఆ వారంలోనే ఫ్యాక్టర్ కొలిపించుకోవాలి. తలకు దెబ్బ తగిలితే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న ఫ్యాక్టర్ సీసాలు వెంట తీసుకుని బయలుదేరండి.